పలకల సీమలో షుగరు, థైరాయిడు, బోరు నీళ్లు

కంభంలో గానీ, రాతి పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో గానీ ల్యాబుకు వెళ్లి చూడండి. షుగరు పరీక్షకు తీసిన రక్తాన్ని బూడిదరంగు మూత ఉన్న గొట్టంలో పోస్తారు. అందులో ముందే సోడియం ఫ్లోరైడ్ వేసి ఉంటుంది. ఒంట్లోంచి బయటికొచ్చాక కూడా రక్తకణాలు గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి. పరీక్ష ఆలస్యమైతే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. గ్లూకోజును విడగొట్టే వరసలో ఈనోలేజ్ అనే ఎంజైము ఒకటుంది. ఫ్లోరైడ్ దాన్ని అడ్డుకుంటుంది కాబట్టి లెక్క చాలావరకు నిలబడుతుంది.

రక్తమిచ్చిన మనిషి ఇంటికెళ్లి తాగే బోరు నీళ్లలోనూ చాలా ఊళ్లలో ఇదే ఫ్లోరైడ్ ఉంటుంది. మోతాదుల్లో మాత్రం పోలికే లేదు. గొట్టంలో మిల్లీలీటరు రక్తానికి సోడియం ఫ్లోరైడ్ రెండు మిల్లీగ్రాముల పైచిలుకు ఉంటుంది, తాగే నీళ్లకు మన దేశంలో గరిష్ఠ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. వందల రెట్ల తేడా. నీళ్లు తాగినంత మాత్రాన ఎంజైములు ఆగిపోతాయని ఎవరూ బెంబేలెత్తనక్కర్లేదు. కానీ పశ్చిమ ప్రకాశంలో షుగరు, థైరాయిడు గురించి మాట్లాడుతూ నీళ్ల ఊసెత్తకపోతే సగం మాటే చెప్పినట్టు.

ఈ కథ పాతదే. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ గురించి షార్ట్ అనే పరిశోధకుడి బృందం 1937లో అచ్చువేసిన వ్యాసానికి ఆధారం అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలు. 1970లో కొత్త జిల్లా (తర్వాత ప్రకాశం) ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి పొదిలి, కనిగిరి, దర్శి, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు, కంభం ఇందులోకి వచ్చాయి. గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు దక్కింది. చెరువు నిండిన ఏడు సంగతి వేరు. నిండని ఏళ్లలో బోరు లోతుకు పోతుంది. లోతైన రాతి పొరల్లో ఎక్కువకాలం నిలవున్న నీటికి ఫ్లోరైడ్ పట్టే అవకాశమూ పెరుగుతుంది.

పళ్లు గారపట్టడం, నడుం వంగిపోవడం అందరికీ తెలిసినవే. తెలియనిది లోపలి సంగతి. 1993లో ‘డయాబెటోలాజియా’ పత్రికలో మన దేశపు వైద్యులే ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. ఫ్లోరోసిస్ ఉన్న 25 మంది యువకుల్లో 10 మందికి గ్లూకోజును తట్టుకునే శక్తి తగ్గి ఉంది. మంచి నీళ్లు అందించాక అది తిరిగి కుదుటపడింది. అంత తక్కువ మందిని చూసి ఊరంతటికీ తీర్పు చెప్పలేం. షుగరుకు అసలు కారణాలు వంశం, పొట్ట చుట్టూ కొవ్వు, కదలని బతుకు. థైరాయిడు విషయంలోనూ అంతే. హైపర్‌థైరాయిడుకు ఒకప్పుడు ఫ్లోరైడునే మందుగా వాడి చూశారు. ఒంట్లో అయోడిన్ చాలనప్పుడు ఫ్లోరైడ్ దెబ్బ ఎక్కువని అమెరికా జాతీయ పరిశోధన మండలి 2006 నివేదిక చర్చించింది.

అయోడిన్ చాలనప్పుడు అన్న మాటే నాకు ముఖ్యం. ఖనిజాలు ఒంటరిగా పనిచేయవు. నాగార్జునసాగర్ వచ్చాక ఫ్లోరైడ్ పల్లెల్లో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో వెతుక్కుంటూ పోతే, జొన్నల్లో పెరిగిన మాలిబ్డినం, ఒంట్లోంచి పోతున్న రాగి బయటపడ్డాయి. థైరాయిడు గ్రంథి చేసే టీ4లో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. అందులో ఒకటి ఊడితేనే చురుకైన టీ3 అవుతుంది, ఊడదీసే ఎంజైముకు సెలీనియం కావాలి. క్లోమంలో ఆరు ఇన్సులిన్ అణువులు జింకు చుట్టూ కట్టగా చేరి నిలవుంటాయి. కణం గడప మీద ఇన్సులిన్ సంకేతం లోపలికి అందాలంటే మెగ్నీషియం ఉండాలి. షుగరు అదుపు తప్పితే ఆ మెగ్నీషియమే మూత్రంలో పోతుంది. పోయినకొద్దీ ఇన్సులిన్ మాట కణం వినదు, షుగరు ఇంకా పెరుగుతుంది. ఇక థైరాయిడు మందగిస్తే కండరం గ్లూకోజును తీసుకోవడం తగ్గుతుంది. మితిమీరితే కాలేయం గ్లూకోజును ఎక్కువగా వదులుతుంది. రెండు వైపులా షుగరు అదుపుకే ఎసరు.

ఇదంతా చదివి అమెరికాలోని మనవాళ్లు చేసే మొదటి పని కాస్ట్‌కోకు పోవడం! సెలవులకు ఊరికెళ్లేటప్పుడు సూట్‌కేసులో క్యాల్షియం, జింకు, క్రోమియం, సెలీనియం, జుట్టు కోసం బయోటిన్ డబ్బాలు. బేస్తవారిపేటలో అమ్మ వాటన్నిటినీ థైరాయిడు బిళ్లతో కలిపి గుప్పెట్లో పోసుకుని కాఫీతో మింగుతుంది. క్యాల్షియం, ఇనుము ఆ బిళ్లలోని థైరాక్సిన్‌ను పేగులోనే పట్టేసుకుంటాయి. వాటికీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. కాఫీ కూడా కొంతసేపు ఆగాలి. థైరాయిడు పరీక్షలో టీఎస్‌హెచ్ దిగకపోతే డాక్టరు మోతాదు పెంచుతాడు, బిళ్లల వేళ గురించి అడిగే తీరిక ఓపీలో ఎక్కడిది? బయోటిన్ది ఇంకో తిరకాసు. కొన్ని పరీక్షా పద్ధతుల్లో అది టీఎస్‌హెచ్‌ను లేనిపోనంత తక్కువ చేసి చూపిస్తుంది. రక్తహీనత ఉన్న ఆడవాళ్లలో ఇనుము లోటు వల్ల మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ కనిపించవచ్చు. క్రోమియం మీద ఆశ ఎంత ఉన్నా రుజువు అంత లేదు. సెలీనియం మాత్రలు ఏళ్ల తరబడి వాడిన ఒక అమెరికా పరీక్షలో షుగరు కేసులు తగ్గకపోగా పెరిగాయి. లోటుందని తేలితే వేసుకోవాల్సినవి ఇవి, ప్రేమకొద్దీ పంచేవి కావు.

మెగ్నీషియానికి డబ్బా అక్కర్లేదు. పాలిష్ బియ్యంలో 100 గ్రాములకు 20 మిల్లీగ్రాముల లోపే ఉంటే సజ్జల్లో 120 పైన, రాగుల్లో ఇంకాస్త ఎక్కువ. సజ్జ సంకటి ఈ సీమకు కొత్తేం కాదు. అలాగని మూడు పూటలా సజ్జలే తినమనను. అయోడిన్ దొరకని సూడాన్ పల్లెల్లో సజ్జ మీదే బతికినవారికి గాయిటర్ (థైరాయిడు వాపు) వచ్చిన దాఖలా ఉంది. అయోడిన్ ఉప్పు వెనక మనవాడూ ఉన్నాడు. కాంగ్రా లోయలో 1956 నుంచి ఉప్పులో అయోడిన్ కలిపి గాయిటర్ తగ్గుతుందని చూపించిన వులిమిరి రామలింగస్వామిది శ్రీకాకుళం. ఇప్పుడు డల్లాస్‌లో, న్యూజెర్సీలో మన వంటింట్లో చేరిన గులాబీ ఉప్పులో, సముద్రపు ఉప్పులో అయోడిన్ సాధారణంగా కలపరు. ప్యాకెట్టు తిప్పి చదవండి.

వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల నీళ్లు ఇంటింటికీ అందేదాకా ఊళ్లో దిక్కు ఇరవై లీటర్ల క్యానే. ఆ క్యాన్లు నింపే ఆర్వో యంత్రం ఫ్లోరైడును చాలావరకు తీసేస్తుంది. దాంతోపాటు క్యాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి కనుక ఆకుకూరలు, కందిపప్పు, నువ్వులు కంచంలో ఉండాలి. బోరు నీళ్లే తాగుతున్నామంటే ఒక సీసాడు గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపమనండి. కాచి తాగుతున్నాం కదా అంటే ఊరుకోవద్దు. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు మరిగి తగ్గినకొద్దీ చిక్కబడుతుంది.