ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారా?

పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు. తడిబట్టలు పిండాలంటే ప్రాణం పోతుంది. గంట గడిచాక కాస్త తేలికవుతుంది. ‘పనెక్కువైంది, అంతే’ అని సరిపెట్టుకుంటాం. ఆఖరికి ఎక్స్‌రే తీయిస్తే ‘ఎముకలు బాగానే ఉన్నాయి’ అంటారు. హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చేస్తాం. చిక్కంతా అక్కడే!

రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం, మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. పెద్దవయసులో వచ్చే మోకాళ్ల అరుగుదల వేరు, ఇది వేరు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీళ్లమీద దాడి చేస్తుంది. ముందు కీలు లోపలి మెత్తటి పొర వాస్తుంది. ఆ వాపును అలాగే వదిలేస్తే పక్కనున్న మృదులాస్థిని, ఎముకను తినేస్తుంది. ఎక్స్‌రేలో ఈ పొర సరిగా కనిపించదు. ఎముక అంచు కొరికినట్లయ్యాకే తెలుస్తుంది. అందుకు నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టొచ్చు. అప్పటికి జరిగిన నష్టం పూడటం కష్టం.

మరి ముందే తెలిసేదెలా?

అల్ట్రాసౌండ్: గర్భిణులకు చేసేలాంటి స్కానే. వేళ్ల కణుపులమీద జెల్ రాసి చూస్తారు. లోపలి పొర ఎంత మందంగా ఉందో, నీరు చేరిందో లేదో తెలుస్తుంది. పవర్ డాప్లర్ పద్ధతిలోనైతే వాపు చురుగ్గా ఉన్నచోట రక్తప్రసరణ రంగుల్లో కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లోని లీడ్స్ వైద్యులు 2000లో ప్రచురించిన పరిశీలనలో, జబ్బు తొలిదశలో ఉన్నవారి వేళ్ల మొదటి కణుపుల్లో ఎక్స్‌రేకన్నా ఆరున్నర రెట్లు ఎక్కువ ఎముక దెబ్బలు అల్ట్రాసౌండ్‌లో బయటపడ్డాయి. అయితే స్కాన్ చేసేవారికి కీళ్ల విషయంలో అనుభవం ఉండాలి.

ఎమ్మారై: ఎముక లోపలి మూలుగలో వాపును చూపేది ఇదే. ఎముక దెబ్బతినబోతోందనడానికి అది ముందస్తు హెచ్చరిక. ఖర్చెక్కువ. లోపలికి వెళ్లేముందు గాజులు, మంగళసూత్రం, మెట్టెలు, పిన్నీసులు అన్నీ తీసేయాలి. పేస్‌మేకర్, ఒంట్లో లోహపు ముక్కలు, గర్భం, కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పాలి.

ఈ రెండింటిలోనూ రేడియేషన్ ఉండదు.

అలాగని ఎక్స్‌రే దండగ కాదు. మొదట్లో తీసిన చేతులు, పాదాల ఫిల్ములు మున్ముందు పోల్చి చూసుకోవడానికి పనికొస్తాయి. పాదాలెందుకంటారా? చాలామందిలో తొలిదెబ్బ కాలి చిటికెనవేలి మొదట్లోనే కనిపిస్తుంది. కాబట్టి ఆ ఫిల్ములు పారేయకండి.

ప్రతిసారీ స్కాన్ కావాలని పట్టుబట్టనవసరమూ లేదు. మాటిమాటికీ అల్ట్రాసౌండ్ చేసి మందులు మార్చినా, కీళ్లను చేత్తో పరీక్షించి మార్చినదానికన్నా ఎక్కువ మేలు కలగలేదని నార్వేలో జరిగిన అధ్యయనం 2016లో తేల్చింది. అనుమానం తీరనప్పుడే స్కాన్ విలువ.

ఎప్పుడు వెళ్లాలి?

* పొద్దున బిగుసుకుపోవడం అరగంట దాటుతున్నా,
* వేళ్ల కణుపులు వాచి, కరచాలనం చేస్తే నొప్పి పుడుతున్నా,

ఆరు వారాల్లోపే కీళ్లవాత నిపుణుల్ని, అంటే రుమటాలజిస్టుని కలవండి. రక్తపరీక్షల్లో ఏమీ లేకపోయినా కొందరికి ఈ జబ్బు ఉండొచ్చు. పిల్లల్ని కనే ఆలోచన ఉంటే మందు మొదలుపెట్టకముందే చెప్పండి. సాధారణంగా మొదట ఇచ్చే మెథోట్రెక్సేట్ గర్భంలోని బిడ్డకు ప్రమాదం.

ఎక్స్‌రే బాగుందన్న మాట మంచి కబురే. కీళ్లను కాపాడుకునే సమయం ఇంకా చేతిలో ఉందన్నమాట! ఆ సమయాన్ని నొప్పి మాత్రలతో గడిపేయకండి.