షేర్డ్ ఫోల్డర్‌కి తాళం ఏదీ?

జనగామలో పెళ్లి ఫొటోల స్టూడియో, మహబూబాబాద్‌లో మిర్చి అడ్తి దుకాణం, భూపాలపల్లిలో జిరాక్స్ సెంటర్. పనులు వేరు, లోపలి సెటప్ మాత్రం ఒకటే. రెండు మూడు సిస్టమ్‌లు, ఒక వైఫై రూటర్, అందరూ వాడే ఒక షేర్డ్ ఫోల్డర్. సెలవులకు హైదరాబాద్ నుంచి వస్తే 'తమ్మీ, జర మా సిస్టమ్ చూసిపో' అని పిలుస్తుంటారు. చూస్తే ఆ ఫోల్డర్‌కి పాస్‌వర్డ్ ఉండదు. ఉంటే దుకాణం పేరు, పక్కన 123.

నిజానికి పాస్‌వర్డ్ లేని అకౌంట్‌ని విండోస్ మామూలుగా నెట్‌వర్క్ మీంచి రానివ్వదు. మంచి అడ్డే. కానీ పక్క సిస్టమ్‌లో ఫైల్ తెరుచుకోవట్లేదని పిలిస్తే, సర్వీస్‌కొచ్చిన మనిషి 'పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్' ఆఫ్ చేసి, 'ఎవ్రీవన్'కి 'ఫుల్ కంట్రోల్' ఇచ్చి పోతాడు. ఇంకోపక్క అదే రూటర్ వైఫై పాస్‌వర్డ్ కస్టమర్ల కోసం కౌంటర్ మీద అతికించి ఉంటుంది! ఇక జిరాక్స్ కోసం నిలబడ్డవాళ్ల ఫోన్‌కీ, జనం ఆధార్ కాపీలున్న ఫోల్డర్‌కీ మధ్య అడ్డమేముంది?

'మా తాన ఏమున్నదని దొంగతనం చేస్తరు?' అంటారు. దొంగ మనిషైతే ఆ మాట సరే. 2008లో బయటపడ్డ కాన్‌ఫికర్ మనిషి కాదు, వర్మ్. తేలిక పాస్‌వర్డ్‌ల చిట్టా వెంటేసుకుని, కనిపించిన ప్రతి సిస్టమ్ షేర్ మీదా ఒక్కోటీ పెట్టి చూసేది. దానికి మీ దుకాణం చిన్నదా పెద్దదా తెలీదు. 2017 మేలో వచ్చిన వాన్నాక్రై అయితే పాస్‌వర్డే అడగలేదు. ఫైల్ షేరింగ్ నడిపే పాత ఎస్ఎంబీ1లోని లోపంతో దూరింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. అప్‌డేట్ వస్తే 'రేపు చూద్దాం' అని నొక్కేవాళ్లు ఈ తేదీలు గుర్తుంచుకుంటే చాలు.

ర్యాన్సమ్‌వేర్ ఒక్క సిస్టమ్‌లోకి వచ్చినా, ఆ సిస్టమ్ రాయగలిగే ఫోల్డర్లన్నీ తాళాలు పడతాయి. సీజన్ మొత్తం పెళ్లిళ్లు ఒకే షేర్‌లో ఉన్న స్టూడియో సంగతి ఆలోచించండి. ఆ తలంబ్రాలు మళ్లీ తీయించలేం కదా. బ్యాకప్ డిస్క్ ఎప్పుడూ తగిలించే ఉంటే అదీ పోతుంది. కాపీ అవగానే పీకి బీరువాలో పెట్టాలి.

మిగతా పని గంటసేపటిది. 'ఎవ్రీవన్' తీసేసి మనిషికో అకౌంట్ ఇవ్వండి. పద్దులు చూసేవాళ్లకి 'రీడ్' చాలు, రాసే హక్కు గుమాస్తాకే. ఎస్ఎంబీ1 ఆఫ్ చేయండి. పది తప్పులకు అకౌంట్ కాసేపు లాక్ అయ్యేలా పెట్టండి. రూటర్‌లో 445 పోర్ట్ బయటికి తెరిచి ఉంటే మూసేయాలి. కస్టమర్లకి గెస్ట్ వైఫై వేరుగా ఇవ్వాలి. పాస్‌వర్డ్‌కి దేవుడి పేరు, ఊరి పేరు, హీరో పేరు వద్దు. ఒకదానికొకటి సంబంధం లేని మన మాటలు నాలుగు, గుమ్మి, తలగుడ్డ, సర్వపిండి, నాగలి లాంటివి, ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాస్తే పొడవూ వస్తుంది, గుర్తూ ఉంటుంది. (ఇవే నాలుగు పెట్టకండి, అచ్చయిపోయాయి.)

పోయినేడు పని మానేసిన పిల్లగాడి అకౌంట్ ఇంకా ఉందేమో చూడండి. ఉంటే ఈ పూటే తీసేయండి.