పెరిగిందంతా లాభమేనా?

2010–11లో రూ.20 లక్షలకు కొన్న స్థలం 2024–25లో రూ.40 లక్షలకు అమ్ముడుపోతే ధర రెట్టింపయిందని ఎవరైనా అంటారు. కానీ పన్ను లెక్కల కోసం ప్రభుత్వమే ఏటా ప్రకటించే ధరల సూచీ ఆ పద్నాలుగేళ్లలో 167 నుంచి 363కు చేరింది. ఆ సూచీ ప్రకారం అప్పటి రూ.20 లక్షలు ఇప్పటి రూ.43.5 లక్షలతో దాదాపు సమానం. అంటే అమ్మినవారు నిజానికి మూడున్నర లక్షలు నష్టపోయారు. 2024 జులై 23కు ముందు అమ్మి ఉంటే ఈ అమ్మకంపై పన్ను ఉండేది కాదు. ఆ తర్వాత అమ్మితే కొందరికి ఇప్పటికీ లేదు, మరికొందరికి మాత్రం రూ.2.5 లక్షలు పడుతుంది. ఈ తేడాకు స్థలంతో సంబంధం లేదు. దస్తావేజులో ఎవరి పేరుంది, ఆ మనిషి ఏ దేశంలో ఉంటున్నాడు అన్నవే దాన్ని నిర్ణయిస్తాయి. మూలధన లాభాల పన్నులో వచ్చిన మార్పులు చాలావరకు సమర్థించదగినవే. ఈ ఒక్క తేడాను మాత్రం సమర్థించడం కష్టం.

ఆ రోజు బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చేసిన పని, చిక్కుముడిలా ఉన్న రేట్లను ఒక వరుసలోకి తేవడం. అంతకుముందు షేర్లకు ఒక రేటు, స్థలాలకూ బంగారానికీ మరో రేటు. ఎన్నాళ్లు ఉంచుకుంటే దీర్ఘకాలం అన్నదానికి ఆస్తిని బట్టి రకరకాల గడువులు. ఇప్పుడు స్టాక్ మార్కెట్లో లిస్టయిన వాటికి 12 నెలలు, మిగతా వాటికి 24 నెలలు. దీర్ఘకాలిక లాభంపై రేటు దాదాపు అన్నింటికీ 12.5 శాతం. స్థలాలు, ఇళ్లు, బంగారంపై అది గతంలో 20 శాతం. రేటు తగ్గించినందుకు బదులుగా ఇండెక్సేషన్‌ను, అంటే ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి చూపే వెసులుబాటును, తీసేశారు.

షేర్లలో మదుపు చేసే సామాన్యుడికి ఈ మార్పు భయపడినంత భారం కాలేదు. దీర్ఘకాలిక లాభంపై రేటు 10 నుంచి 12.5 శాతానికి పెరిగినా, పన్ను లేని మొత్తం రూ.1 లక్ష నుంచి రూ.1.25 లక్షలకు పెరిగింది. ఏడాదికి రూ.2 లక్షల లాభం వచ్చినవారు మునుపు రూ.10,000 కట్టేవారు, ఇప్పుడు రూ.9,375 కడతారు. లాభం రూ.2.25 లక్షలు దాటాకే కొత్త పద్ధతి బరువవుతుంది. ఏడాదిలోపే అమ్మేసేవారిపై రేటు మాత్రం 15 నుంచి 20 శాతానికి పెరిగింది. అవసరం కోసం కాక వేగం కోసం కొని అమ్మేవారే ఇక్కడ ఎక్కువ కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. 2025–26 నుంచి ఆదాయపు పన్ను కొత్త విధానంలో రూ.12 లక్షల వరకు పన్ను లేదన్న మాట జీతానికీ వ్యాపార ఆదాయానికీ వర్తిస్తుంది గానీ, ప్రత్యేక రేట్లు ఉన్న షేర్ల లాభాలకు ఆ రిబేటు రాదు. మొత్తం ఆదాయం రూ.12 లక్షలు దాటలేదు కదా అని నిశ్చింతగా ఉంటే నోటీసు రావచ్చు.

స్థలాల విషయానికొస్తే, ఇండెక్సేషన్ దయాదానంగా వచ్చినది కాదు. రాజా చెల్లయ్య కమిటీ సంస్కరణల కాలంలో, 1992 బడ్జెట్ ద్వారా, అది చట్టంలోకి వచ్చింది. రూపాయి విలువ తగ్గడం వల్ల పెరిగినట్టు కనిపించే ధరను లాభంగా లెక్కించకూడదన్నది దాని వెనుక ఉన్న సూత్రం. పాత, కొత్త పద్ధతుల్లో ఏది ఎవరికి మేలో లెక్క కడితే ఆసక్తికరమైన విషయం తేలుతుంది. 2010–11లో కొన్న స్థలం ధర 2024–25 నాటికి 4.13 రెట్లకు మించి పెరిగితేనే కొత్త పద్ధతి లాభం. అంటే ఏటా సుమారు పదిన్నర శాతానికి పైగా పెరగాలి. 2019–20లో కొన్నదానికి ఆ గీత 11 శాతం దగ్గర ఉంటుంది. పైన చెప్పిన స్థలమే కోటి రూపాయలకు అమ్ముడుపోతే పాత లెక్కన పన్ను రూ.11.3 లక్షలు, కొత్త లెక్కన రూ.10 లక్షలు. రూ.50 లక్షలకే పోతే పాత లెక్కన రూ.1.3 లక్షలు, కొత్త లెక్కన రూ.3.75 లక్షలు. బాగా లాభపడినవాడికి పన్ను తగ్గింది, అంతంతమాత్రంగా లాభపడినవాడికి దాదాపు మూడింతలయింది.

ఈ లెక్కలు పార్లమెంటులోనూ బయటా దుమారం రేపాక ప్రభుత్వం ఆగస్టులో సవరణ తెచ్చింది. 2024 జులై 23కు ముందు కొన్న స్థలాలకు, ఇళ్లకు రెండు పద్ధతుల్లో ఏది తక్కువైతే అదే కట్టవచ్చంది. అయితే ఆ వీలు భారత్‌లో నివసించే వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు మాత్రమే. భాగస్వామ్య ఫర్మ్‌లు, ఎల్‌ఎల్‌పీలు, కంపెనీలు, ప్రవాస భారతీయులు దాని వెలుపలే ఉండిపోయారు. విజయవాడలోని ఒక ఫ్లాట్ ఇద్దరు అన్నదమ్ముల పేరున ఉంటే, ఊళ్లో ఉన్న తమ్ముడికి ఒక లెక్క, డాలస్‌లో ఉన్న అన్నకు మరో లెక్క. అలాగే రైస్ మిల్లు స్థలం సొంత పేరున కొన్న యజమానికి మినహాయింపు ఉంది. పక్కనే ఇద్దరు బంధువులు ఫర్మ్ పేరున కొన్న మిల్లు స్థలానికి లేదు. మిల్లు మూసేసి అప్పులు తీర్చుకోవాలనుకునే ఆ భాగస్వాములు నిజంగా రాని లాభంపై పన్ను కట్టాల్సి వస్తుంది.

దీనికి ఇచ్చే సమాధానాలను తేలిగ్గా కొట్టిపారేయలేం. స్థలాలు సాధారణంగా ఏటా 12 నుంచి 16 శాతం పెరుగుతాయి, ధరల సూచీ పెరిగేది 4–5 శాతమే, కాబట్టి అత్యధికులకు కొత్త పద్ధతే మేలు అని ఆదాయపు పన్ను శాఖ అప్పట్లో వాదించింది. హైదరాబాద్ శివార్లకు ఆ మాట సరిపోవచ్చు. పెద్ద నగరానికి దూరంగా ఉన్న పారిశ్రామిక వాడకూ, వ్యాపారం తగ్గిన బజారు వీధికీ అది నప్పదు. పైగా అందరికీ మేలే అయితే తక్కువైనది ఎంచుకోనిచ్చినందువల్ల ఖజానాకు నష్టమేమీ ఉండదు. ఇంకొందరు, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీకి లేని ఇండెక్సేషన్ స్థలానికి ఎందుకంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ వడ్డీ ఏటా చేతికొస్తుంది, ఏటా పన్ను పడుతుంది. స్థలం విషయంలో ఇన్నేళ్ల ధరల పెరుగుదల అంతా ఒక్క అమ్మకంలో లాభం వేషంలో బయటపడుతుంది.

పన్ను లెక్కలు సరళంగా ఉండాలన్న వాదన ఆగస్టు సవరణతోనే సగం వీగిపోయింది. వ్యక్తులకు రెండు లెక్కలు ఎలాగూ కడుతున్నప్పుడు ఫర్మ్‌లకూ కట్టడంలో కొత్త చిక్కేమీ లేదు. ఫర్మ్ వాళ్లు స్థలాన్ని భాగస్వాముల సొంత పేరున పెట్టుకోవచ్చు కదా అనవచ్చు. ముందే తెలిసినవారు అలా చేయగలరు. ఒకసారి ఫర్మ్ పేరున చేరాక దాన్ని భాగస్వామికి బదిలీ చేస్తే ఆ బదిలీ మీదే పన్ను పడుతుంది. పెద్ద రియల్ ఎస్టేట్ కంపెనీలు లాభపడతాయన్న అనుమానానికి మాత్రం విలువివ్వాలి. అందుకు విరుగుడు చట్టంలోనే ఉంది: సూక్ష్మ, చిన్న సంస్థలను టర్నోవర్, పెట్టుబడి పరిమితులతో నిర్వచించే పద్ధతి ఇప్పటికే నడుస్తోంది. అలాంటి సంస్థలకు ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉండి, కొన్నేళ్లుగా సొంత వ్యాపారానికే వాడుకున్న స్థలానికి మాత్రమే ఈ వెసులుబాటు ఇస్తే వ్యాపారుల ముసుగులో స్థలాల వర్తకులు చొరబడలేరు.

అంతవరకు ఫర్మ్‌లకు మిగిలిన దారి, అమ్మిన ఆరు నెలల్లో నిర్ణీత ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లలో రూ.50 లక్షల వరకు లాభాన్ని పెట్టి పన్ను తప్పించుకోవడం. కానీ ఆ డబ్బు ఐదేళ్లు కదలదు. అప్పు తీర్చడానికో కొత్త యంత్రం కొనడానికో స్థలం అమ్ముకున్నవారికి అది అక్కరకు రాదు. తక్కువ రేటు, సరళమైన గడువులు మంచి సంస్కరణలే. వాటిని వెనక్కి తీసుకోనక్కర్లేదు. లాభం వచ్చినవారి దగ్గర లాభంపై పన్ను తీసుకోవాలి, నష్టపోయినవారిని వదిలేయాలి. ఈ సూత్రాన్ని వ్యక్తుల విషయంలో ప్రభుత్వం రెండు వారాల్లోనే ఒప్పుకుంది. చిన్న ఫర్మ్‌ల విషయంలోనూ, విదేశాల్లో ఉన్నవారి విషయంలోనూ అదే ఒప్పుకోలు ఇంకా బాకీ ఉంది.