పొలం గట్టున తంగేడు – వంగ, టమాటా రైతుకు అండ

తంగేడు పువ్వు లేనిదే బతుకమ్మ లేదు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రభుత్వం ప్రకటించిన ఈ పువ్వు పండుగకే కాక, కూరగాయల రైతుకు కూడా చేస్తున్న మేలు తగినంత ప్రచారానికి నోచుకోలేదు.

తుమ్మెదతో అనుబంధం

తంగేడు పువ్వులో తేనె ఉండదు. కీటకాలకు లభించేది పుప్పొడి మాత్రమే. అది కూడా పరాగకోశాల కొనన గల సన్నని రంధ్రాల గుండానే వెలువడుతుంది. నల్లతుమ్మెద పువ్వును గట్టిగా పట్టుకొని, ఛాతీ కండరాలను వేగంగా కంపింపజేయగా పుప్పొడి రాలుతుంది. వంగ, టమాటా స్వపరాగ సంపర్కం జరిగే పంటలే అయినప్పటికీ, ఇదే విధమైన కంపనం లభించినప్పుడు వాటిలో కాయ బాగా పడుతుంది. తేనెటీగలకు ఈ నేర్పు లేదు. కావున తేనెటీగల పెట్టెలు ఏర్పాటు చేసినంత మాత్రాన తుమ్మెదల లోటు తీరదు.

తోట పూతలో లేని కాలంలో తుమ్మెదలకు పుప్పొడిని తంగేడు, తేనెను జిల్లేడు వంటి మొక్కలు అందిస్తాయి. గట్లను పూర్తిగా చదును చేసి, కలుపు మందులు చల్లితే ఈ ఆహారం కరవై, తుమ్మెదలు తోటలకు దూరమవుతాయి. తంగేడు ఆకులపై పెరిగే కొన్ని జాతుల సీతాకోకచిలుకలు సైతం ఆశ్రయం కోల్పోతాయి.

పెంపకం సులభం

తంగేడు వర్షాభావాన్ని తట్టుకొని, రాళ్ల నేలల్లోనూ పెరుగుతుంది. పశువులు సాధారణంగా మేయవు గనుక కంచె అవసరం ఉండదు. గట్టి పైపొర గల గింజలను వేడినీటిలో పోసి, రాత్రంతా నానబెట్టి, తొలకరి వానలకు విత్తుకోవాలి. ఆకు పచ్చిరొట్ట ఎరువుగా కూడా ఉపయోగపడుతుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

• బతుకమ్మ కోసం పూలు కోసేటప్పుడు కొమ్మలు విరవరాదు. కొన్ని పూలను కాయకట్టేందుకు విడిచిపెట్టాలి.
• తుమ్మెదలు గూళ్లు చేసుకునే ఎండు వెదురు, ఎండు కొమ్మలను కొంతమేరకైనా గట్లపై ఉంచాలి.
• పూత దశలో పురుగు మందుల వాడకం తగ్గించాలి. తప్పనిసరైతే తుమ్మెదలు తిరగని సాయం సమయంలోనే పిచికారీ చేయాలి.

రహదారుల పక్కన, చెరువు కట్టల దిగువన మొక్కలు నాటించే అధికారులు నర్సరీలలో తంగేడుకు చోటు కల్పించాలి. పండుగ నాడు పూజలందుకొనే పువ్వును మిగిలిన రోజులలో పిచ్చిమొక్కగా ఎంచి తొలగించే ధోరణి మారవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.