పరిశోధనాగారంలో ఆక్టోపస్ సంరక్షణ: పద్ధతులు, బాధ్యతలు

వ్యాససంగ్రహం
ఆక్టోపస్ వెన్నెముక లేని సముద్రజీవి. నేర్చుకునే శక్తి, జ్ఞాపకశక్తి కారణంగా అది నాడీశాస్త్ర పరిశోధనలో ముఖ్యస్థానం పొందింది. పరిశోధనాగారంలో దాని సంరక్షణ ఎలా సాగుతుందో, ఆ సంరక్షణపై ప్రయోగ ఫలితాలు ఎంతగా ఆధారపడతాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఆక్టోపస్, సంరక్షణ, నాడీవ్యవస్థ, ప్రయోగ పద్ధతి, జంతుసంక్షేమం.

1. ప్రవేశిక
నత్తలు, ఆల్చిప్పలు ఉన్న మొలస్కా వర్గానికే ఆక్టోపస్ కూడా చెందుతుంది. అయినా సాధారణ ఆక్టోపస్ శరీరంలో సుమారు 50 కోట్ల నాడీకణాలు ఉంటాయి. వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు ఎనిమిది చేతుల్లోనే ఉంటాయి. మానవునికి అతిదూరమైన పరిణామశాఖలో ఇంత పెద్ద నాడీవ్యవస్థ ఎలా ఏర్పడిందన్న ప్రశ్న శాస్త్రజ్ఞులను ఆకర్షించింది. ఇటలీలోని నేపుల్స్ నగరంలో అంటోన్ డోర్న్ 1872లో స్థాపించిన సముద్రజీవశాస్త్ర కేంద్రంలో, రెండవ ప్రపంచయుద్ధం తరువాత జె.జెడ్. యంగ్, బి.బి. బాయ్‌కాట్ ఈ జీవి జ్ఞాపకశక్తిపై ప్రయోగాలు చేశారు.

ఇటువంటి ప్రయోగాల ఫలితాలకు లభించే ప్రచారం, ఆ జీవిని ప్రతిదినం ఆరోగ్యంగా నిలిపే పనికి లభించదు. అయితే ఆ పని లోపించినప్పుడు ఫలితాలనూ నమ్మలేము. అనారోగ్యంతో ఉన్న జీవి ప్రవర్తన దాని జాతి స్వభావాన్ని తెలియజేయదు.

2. నీటి నిర్వహణ
సంరక్షకుల దినచర్య నీటి పరీక్షతో మొదలవుతుంది. ఉష్ణోగ్రత, ఉప్పదనం, ఆమ్లజని, అమ్మోనియా, నైట్రైట్ పరిమాణాలను నమోదు చేస్తారు. ఆక్టోపస్ మాంసాహారి కనుక దాని విసర్జనలో అమ్మోనియా అధికం. వడపోత పరికరంలో పెరిగే బాక్టీరియా దానిని మొదట నైట్రైట్‌గా, తరువాత అంతకంటే తక్కువ హానికరమైన నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బాక్టీరియా స్థిరపడటానికి కొన్ని వారాలు పడుతుంది. అందువల్ల కొత్త తొట్టెలో నీరు నింపిన వెంటనే జీవిని విడవకూడదు.

రాగి విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. ఆక్టోపస్ రక్తంలో ఆమ్లజనిని మోసే హీమోసయనిన్ అనే ప్రోటీన్‌లో రాగి ఉంటుంది. రక్తానికి నీలివర్ణం రావడానికి కారణం అదే. కాని నీటిలో కరిగిన రాగి ఆ జీవికి విషం. కాబట్టి రాగి, ఇత్తడి గొట్టాలను వాడరు. చేపల చికిత్సకు ఉపయోగించే రాగి మందులను ఈ తొట్టెలకు దూరంగా ఉంచుతారు. బెదిరిన ఆక్టోపస్ సిరా చిమ్మితే, అది మొప్పలకు హాని చేయకుండా నీటిని మార్చవలసి ఉంటుంది.

3. నివాసం, ఆహారం
చాలా ఆక్టోపస్ జాతులు ఒంటరిగా జీవిస్తాయి. ఒకే తొట్టెలో ఉంచితే ఒకదానినొకటి చంపి తినే ప్రమాదం ఉంది. అందుకే సాధారణంగా ఒక్కొక్కదానికి ఒక్కొక్క తొట్టెను కేటాయిస్తారు. దాగడానికి మట్టికుండ, గొట్టం ముక్క లేదా రాళ్ల గూడు ఏర్పాటు చేస్తారు. ఆక్టోపస్ శరీరంలో ఎముకలు లేవు. గట్టిగా ఉండే ముక్కు పట్టే సందు దొరికితే తప్పించుకోగలదు. 2016లో న్యూజిలాండ్ జాతీయ అక్వేరియం నుండి ఇంకీ అనే ఆక్టోపస్ నీటికాలువ గొట్టం ద్వారా సముద్రంలోకి వెళ్లిపోయిన వార్త ప్రపంచమంతటా ప్రచారమైంది. కనుక బిగువైన మూత తప్పనిసరి.

పీతలు, రొయ్యలు ప్రధానాహారం. తినగా మిగిలిన వాటిని త్వరగా తీసివేయకపోతే నీరు చెడుతుంది. ఎంత తిన్నది, ఎంత సమయంలో అందుకున్నది అన్న వివరాలు రాసుకోవడం ముఖ్యం. ఆకలి మందగించడం అనారోగ్యానికి తొలి సూచనల్లో ఒకటి.

4. వ్యక్తిభేదాలు
1959లో పీటర్ డ్యూస్ నేపుల్స్‌లో చేసిన ప్రయోగాన్ని ప్రచురించాడు. మీట లాగితే ఆహారం లభిస్తుందని మూడు ఆక్టోపస్‌లకు నేర్పాడు. రెండు నిలకడగా మీట లాగాయి. చార్లెస్ అని పేరు పెట్టిన మూడవది దీపాన్ని నీటిలోకి లాగింది. మనుషులపై నీరు చిమ్మింది. చివరకు మీటనే విరిచింది. ఒకే జాతి జీవుల మధ్య స్వభావభేదం ఎంత ఉంటుందో ఇది తెలుపుతుంది.

2010లో ప్రచురితమైన సియాటిల్ అక్వేరియం అధ్యయనంలో 8 పసిఫిక్ మహా ఆక్టోపస్‌లను పరిశీలించారు. ఒక వ్యక్తి వాటికి ఎప్పుడూ ఆహారం పెట్టాడు. మరొకరు గరుకైన పుల్లతో తాకారు. రెండు వారాల్లో అవి ఇద్దరినీ వేరువేరుగా గుర్తించి ప్రవర్తించాయి. దీనిని బట్టి సంరక్షకుడు మారితే జీవి ప్రవర్తన కూడా మారవచ్చు. ఆ మార్పును గమనించని పరిశోధకుడు దానిని ప్రయోగఫలితంగా పొరబడవచ్చు.

5. నొప్పి, చట్టం
రాబిన్ క్రూక్ 2021లో ప్రచురించిన అధ్యయనంలో, చేతిలో పలుచని ఎసిటిక్ ఆమ్లం ఎక్కించిన ఆక్టోపస్‌లు, ఆ సూది తరువాత తాము గడిపిన గదికి దూరంగా ఉండసాగాయి. మత్తుమందుతో ఉపశమనం పొందిన గదిని ఇష్టపడ్డాయి. ఈ ప్రవర్తనను శరీరం అసంకల్పితంగా ముడుచుకోవడంగా మాత్రమే వివరించడం కష్టం.

బ్రిటన్ 1993లో సాధారణ ఆక్టోపస్‌ను ప్రయోగజంతువుల రక్షణచట్టం పరిధిలోకి తెచ్చింది. ఐరోపా సంఘం 2010 ఆదేశంలో ఆక్టోపస్, స్క్విడ్, కటిల్‌ఫిష్‌లన్నిటికీ ఆ రక్షణ లభించింది. భారతదేశపు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మానవుడు తప్ప ప్రతి ప్రాణినీ జంతువుగానే నిర్వచిస్తుంది.

6. జీవితాంత్య సంరక్షణ
అనేక జాతుల ఆయుర్దాయం ఒకటి రెండేళ్లు మాత్రమే. గుడ్లు పెట్టిన తల్లి ఆహారం మాని, గుడ్లను కాపాడుతూ క్షీణించి మరణిస్తుంది. జెరోమ్ వోడిన్స్కీ 1977లో కంటి సమీపంలోని గ్రంథులను తొలగించినప్పుడు, తల్లి గుడ్లను వదిలి మళ్లీ తినసాగింది. ఎక్కువ కాలం జీవించింది. ఈ క్షీణతను ఆ గ్రంథులే నడిపిస్తున్నాయని దీనితో తెలిసింది.

సంరక్షకులకు కఠినమైన నిర్ణయం ఎదురయ్యేది ఇక్కడే. మానని పుండ్లు, అదుపు తప్పిన కదలికలు, నిరాహారం ఈ దశ లక్షణాలు. ఏ స్థితిలో బాధను ముగించాలో సంరక్షకులు, పశువైద్యులు, పరిశోధకులు కలిసి ముందే నిర్ణయించుకోవాలి. అప్పుడు కూడా మెగ్నీషియం క్లోరైడ్ వంటి వాటితో మొదట స్పృహ తప్పించడం అవసరం. ప్రయోగం ఇంకా పూర్తి కాలేదన్న కారణంతో ఈ నిర్ణయాన్ని వాయిదా వేయడం ఆ జీవి బాధను పొడిగించడమే అవుతుంది. క్షీణదశలో సేకరించిన సమాచారం కూడా సందేహాస్పదమే.

7. ముగింపు
ఆక్టోపస్ సంరక్షణను ప్రయోగానికి వెలుపలి సేవగా పరిగణించడం సరికాదు. నీటి వివరాలు, గూడు, ఆహారం, వయోదశ, సంరక్షకుల మార్పు ప్రయోగ పద్ధతిలో భాగాలు. పరిశోధన పత్రాలలో వీటిని స్పష్టంగా నమోదు చేస్తే ఫలితాలను పోల్చడానికి, పునఃపరీక్షించడానికి వీలు కలుగుతుంది. జీవిలోని మార్పును రోజూ మొదట గమనించేది సంరక్షకులే కనుక, ప్రయోగాన్ని ఆపమని కోరే అధికారం వారికి ఉండటం అవసరం.