కోసిన చెరకు ఆగదు

చెరకు గడ మీద కత్తి పడిన మరుక్షణం నుంచీ దానిలోని తీపి కరిగిపోవడం మొదలవుతుంది. గడలో ఉండే ఇన్వర్టేజ్ అనే ఎంజైము సుక్రోజును విడగొట్టి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారుస్తుంది. నాలుకకు అవీ తీపే. కానీ ఫ్యాక్టరీకి కావలసింది పలుకు కట్టే చక్కెర. సుక్రోజు పలుకు కడుతుంది, విడిపోయిన రసం కట్టదు, పైగా పక్కనున్న సుక్రోజును కూడా సరిగా కట్టనివ్వదు. కోసిన చోట నుంచి బ్యాక్టీరియా దూరి రసాన్ని జిగురు చేస్తుంది. ఎండకు గడ బరువూ తగ్గుతుంది. అందుకే నరికిన ఇరవై నాలుగు గంటల్లో గానుగాడాలంటారు. రెండు మూడు రోజులు బండి మీదే ఉండిపోతే రైతుకు తూకంలో నష్టం, మిల్లుకు రికవరీలో నష్టం.

ఇంకో లెక్క కూడా ఉంది. వంద కిలోల చెరకు నుంచి వచ్చే చక్కెర సుమారు పది కిలోలు. ముప్ఫై కిలోల దాకా తడి పిప్పి పోతుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరే. అంటే చెరకును దూరం మోయడమంటే కిరాయి పెట్టి నీటినీ పిప్పినీ మోయడమే. తయారీలో బరువు బాగా తగ్గిపోయే ముడిసరుకు ఉంటే ఆ పరిశ్రమ ముడిసరుకు దగ్గరికే వస్తుందని జర్మన్ ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ వేబర్ 1909లో సూత్రీకరించాడు. పత్తికి ఈ చిక్కు లేదు. బేలు కట్టి ఓడెక్కిస్తే వేల మైళ్లు పోయినా చెడిపోదు, బరువూ పెద్దగా తగ్గదు. తెలంగాణ పత్తి బొంబాయి మిల్లుల్లో నూలు కావచ్చు. బోధన్ చెరకు మాత్రం బోధన్‌లోనే చక్కెర కావాలి.

నిజామాబాద్ జిల్లా పడమటి భాగం ఎందుకు ఎదిగిందో, తర్వాత ఎందుకు తడబడిందో అర్థం కావాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. పెద్ద ప్రాజెక్టు కడితే ప్రాంతం దానంతటదే బాగుపడుతుందని మనకొక నమ్మకం ఉంది. ఎదిగేది కట్టడం వల్ల కాదు. ఒకదానికొకటి సరిపడేలా అమర్చిన పనుల వరస వల్ల.

ఆ వరసలో మొదటిది రైలు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికే సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా వేసిన మీటరుగేజి లైను ఇందూరు మీదుగా పోయింది. ఆ ఇందూరే నిజామాబాద్ అయింది. రెండోది నీరు. ఈ నేల మీద ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది, అది కూడా నాలుగు నెలల్లోనే. చెరకు పది పన్నెండు నెలల పంట, దానికి పదిహేను వందల మిల్లీమీటర్లకు పైగా తడి కావాలి. చెరువుల కింద ఎకరమో రెండెకరాలో వేసి బెల్లం వండుకోవచ్చు గానీ ఫ్యాక్టరీని నడపలేం. 1923లో మంజీర మీద అచ్చంపేట, బంజెపల్లి మధ్య నిజాంసాగర్ పని మొదలైంది. 1931కి పూర్తయింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టిన జూలై 11ను తెలంగాణలో ఇప్పుడు ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు. 2,75,000 ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. ప్రధాన కాలువ నూటయాభై కిలోమీటర్లకు పైగా సాగి బాన్సువాడ, వర్ని, బోధన్ భూములను తడుపుతుంది. జలాశయం కింద మునిగిన ఊళ్ల వాళ్లు ఈ లెక్కకు ముందే తమ వంతు కట్టేశారన్నది మరచిపోవద్దు. వాళ్ల నష్టం ఏ లాభం పద్దులోనూ తిరిగి జమ కాలేదు.

మూడోది డబ్బు. పరిశ్రమలకు పెట్టుబడి పెట్టడానికి నిజాం ప్రభుత్వం 1929లో పారిశ్రామిక ట్రస్టు నిధిని ఏర్పాటు చేసింది. 1937లో బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. చుట్టూ కట్టిన కార్మికుల ఊరు శక్కర్‌నగర్ అయింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని దీనికి పేరు. జానకంపేట దగ్గర చీలిన రైలు కొమ్మ బోధన్ దాకా వచ్చింది. రైలు, కాలువ, నిధి, ఫ్యాక్టరీ ఇవన్నీ ఒకే కాగితం మీద ఒకేరోజు గీసినవి కావు. అయినా ఒకటి పూర్తయ్యేసరికి రెండోది దానికి అందేలా వచ్చాయి. ఈ రోజుల్లో మాస్టర్ ప్లాన్ అని రంగురంగుల పటాలు గోడకు తగిలించే వాళ్లు ఈ వరసను ఒకసారి చూడాలి.

ఇక్కడ నాకు అన్నిటికంటే తెలివైన పనిగా తోచేది మరొకటుంది. ఫ్యాక్టరీకి సొంతంగా వేల ఎకరాల చెరకు తోటలు ఉండేవి. ఎందుకని? మిల్లు లేనిదే రైతు చెరకు వేయడు, చెరకు లేనిదే మిల్లు పెట్టేవాడు రాడు. ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఇద్దరూ కదలకుండా ఉండిపోయే ఈ స్థితిని పాల్ రోజెన్‌స్టెయిన్ రోడాన్ అనే ఆర్థికవేత్త 1943లో వివరించాడు. అన్నీ కలిపి ఒక్కసారిగా తోస్తేనే కదులుతుందని ఆయన వాదన. ఆ వ్యాసం రావడానికి ఆరేళ్ల ముందే శక్కర్‌నగర్ దానికి జవాబు చేసి చూపించింది. సొంత తోటల చెరకుతో గానుగ తిరిగితే చుట్టుపక్కల రైతుకు ధైర్యం వస్తుంది.

అలా తిరగడం మొదలయ్యాక డబ్బు ఎలా పాకుతుంది? ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1958లో రాసిన పుస్తకంలో దీన్ని రెండు లంకెలుగా విడదీశాడు. ఫ్యాక్టరీ తన అవసరాల కోసం వెనక్కి చాచే లంకె ఒకటి. విత్తన ముచ్చెలు, ఎరువు, నరికే కూలీలు, బండ్లు, తర్వాత లారీలు, రోలర్లు బాగుచేసే లేత్ మిషన్ల షాపులు ఇందులోకి వస్తాయి. తన సరుకుతో ముందుకు చాచే లంకె రెండోది. చక్కెర తీసేశాక మిగిలే మొలాసిస్‌తో డిస్టిలరీ, పిప్పితో బాయిలర్ మంట, మడ్డి పొలానికి ఎరువు. చక్కెర ఫ్యాక్టరీ తన ఇంధనం తానే తెచ్చుకుంటుందన్నది చాలామంది గమనించరు. బొగ్గు గనులకు దూరంగా ఉన్న బోధన్‌లో అంత పెద్ద ఆవిరి యంత్రాంగం నడవడానికి ఈ పిప్పే ఆధారం.

మూడో దారి జీతాలది. 1931లో ఆర్థికవేత్త రిచర్డ్ కాన్ గుణకం అనే భావనను లెక్కకట్టాడు. కార్మికుడి చేతికొచ్చిన వంద రూపాయల్లో అరవై ఆ ఊళ్లోనే ఖర్చయ్యాయనుకోండి. ఆ అరవై కిరాణా కొట్టువాడికి, దర్జీకి, పాలమ్మేవాళ్లకు ఆదాయం. వాళ్లు అందులో అరవై శాతం, అంటే ముప్ఫై ఆరు మళ్లీ ఊళ్లోనే పెడతారు. తర్వాత ఇరవై ఒకటిన్నర. ఇలా తగ్గుతూ పోయే మొత్తాన్ని కూడితే రెండువందల యాభై వస్తుంది. ఊళ్లో ఖర్చయ్యేది ముప్ఫై శాతమే అయితే అదే వంద నూటనలభై మూడు దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఫ్యాక్టరీ ఎంత జీతమిచ్చిందన్నది సగం లెక్కే. ఆ జీతం ఎంతసేపు ఊరిలో తిరిగిందన్నది మిగతా సగం. శక్కర్‌నగర్ క్వార్టర్లలో కాపురమున్న కార్మికుడి జీతం బోధన్ బజారులో తిరిగింది. రోజూ హైదరాబాద్ నుంచి కారులో వచ్చిపోయే ఉద్యోగి జీతం అలా తిరగదు. ఇప్పటి పారిశ్రామిక పార్కుల గురించి మాట్లాడేటప్పుడు నేను ముందుగా అడగాలనుకునే ప్రశ్న ఇదే.

ఇంకో మార్పు మనుషులది. కాలువ నీళ్లొచ్చాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు కుటుంబాలతో తరలివచ్చి భూములు తీసుకున్నారు. వాళ్లు దిగిన చోట్లు క్యాంపులయ్యాయి. వర్ని, కోటగిరి, రుద్రూర్ చుట్టుపక్కల ఊరి పేరు చివర ‘క్యాంపు’ ఇప్పటికీ వినిపిస్తుంది. డెల్టాలో కాలువ కింద సాగు చేసిన అనుభవం వాళ్లతో వచ్చింది. స్థానిక రైతుకు, కూలికి, ఈ కొత్త కమతాలకు మధ్య భూమి విషయంలో అసంతృప్తీ వచ్చింది, దాని నీడ తర్వాతి రాజకీయాల మీద కూడా పడింది. అది వేరే వ్యాసానికి సరిపడే సంగతి. రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధనా కేంద్రం ఏర్పడింది. తోట పక్కనే ప్రయోగశాల ఉండటం కూడా ఈ వరసలో భాగమే.

ఇంతవరకూ బాగుంది. మరి ఫ్యాక్టరీ పోతే?

ముందు నీరు తగ్గింది. మంజీర తెచ్చే మట్టి జలాశయంలో పేరుకుంది. కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టిన నిజాంసాగర్ పూడికతో సగానికి పైగా కోల్పోయింది. తర్వాత ఎత్తు పెంచి 17.8 టీఎంసీలకు తెచ్చారు. ఎగువన సింగూరు కట్టి హైదరాబాద్ దాహం తీర్చడం మొదలయ్యాక కిందికి వచ్చే వరద మీద భరోసా ఇంకా సన్నగిల్లింది. ఏడాది పొడవునా తడి కోరే చెరకు ఆ అనిశ్చితిని తట్టుకోలేదు. 2002లో ప్రభుత్వం కంపెనీలో 51 శాతం వాటాను ప్రైవేటు యాజమాన్యానికి ఇచ్చింది. 2015 డిసెంబర్ 23న శక్కర్‌నగర్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లకూ లేఆఫ్ ప్రకటించారు. వ్యవహారం కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లి 2019లో లిక్విడేషన్ ఉత్తర్వు దాకా వచ్చింది.

అప్పుడు ఆ ఇన్వర్టేజే రైతుకు ఎదురు తిరిగింది. చెరకు ఆగదు కాబట్టి దగ్గరి మిల్లు మూతపడితే దూరపు మిల్లు దిక్కు కాలేదు. పైగా చట్టమే ఒక మిల్లుకూ మరో మిల్లుకూ మధ్య కనీసం పదిహేను కిలోమీటర్ల ఎడం ఉండాలంటుంది. పోటీ మిల్లు పక్కనే ఉండే అవకాశం తక్కువ. పొలాలు వరిలోకి మారాయి.

ఈ మార్పునే జాగ్రత్తగా చూడాలి. శక్కర్‌నగర్‌లో రోలర్లు, ఆవిరి కడాయిలు తుప్పుపట్టాయి. వాటితో చక్కెర తప్ప ఇంకేమీ చేయలేం. కాలువ మాత్రం వరికీ పనికొచ్చింది. రోడ్డు, రైలు, బజారు, అప్పులిచ్చే సొసైటీలు, ట్రాక్టరు బాగుచేసే చేతులు పనికొచ్చాయి. బోధన్, వర్ని, కోటగిరి దారుల్లో ఇప్పుడు కనిపించే రైస్ మిల్లులు ఆ మిగులు మీద నిలబడ్డవే. ప్రణాళికలో ఏది మరో పనికి వాడుకోదగ్గదో అది మిగులుతుంది, ఒక్క పనికే బిగించినది పోతుంది.

ఇలాంటి ప్రయోగం ప్రపంచంలో మరో రెండు చోట్ల బాగా కొలిచారు. నిజాంసాగర్ పూర్తయిన రెండేళ్లకు, 1933లో అమెరికా టెనెసీ లోయ సంస్థను మొదలుపెట్టింది. ఆనకట్టలు, కరెంటు, రోడ్లు అన్నీ కలిపిన పథకం. ఆర్థికవేత్తలు పాట్రిక్ క్లైన్, ఎన్రికో మొరెట్టి 2014లో ప్రచురించిన అధ్యయనంలో ఒక ఆసక్తికరమైన తేడా కనిపించింది. ఫెడరల్ నిధులు ఆగాక వ్యవసాయంలో పెరిగిన ఉపాధి తిరిగి తగ్గిపోయింది. ఫ్యాక్టరీ ఉపాధి మాత్రం నిధులు ఆగినా పెరుగుతూ పోయింది. వాళ్లింకో చేదు మాట కూడా చెప్పారు. పరిశ్రమలు ఒకచోట గుమిగూడటం వల్ల ఆ లోయకు వచ్చిన లాభాన్ని, దేశంలో మిగతాచోట్ల జరిగిన నష్టం దాదాపు చెరిపేసింది.

రెండోది చెరకు కథే. డచ్చివాళ్లు 1830 నుంచి జావాలో రైతుల చేత బలవంతంగా చెరకు వేయించారు. ఆర్థికవేత్తలు మెలిస్సా డెల్, బెంజమిన్ ఓల్కెన్ ఆనాటి మిల్లులున్న చోట్లను గుర్తించి ఇప్పటి పరిస్థితితో పోల్చారు. ఆ మిల్లులు చాలావరకు ఎప్పుడో పోయాయి. అయినా వాటి చుట్టుపక్కల ఊళ్లు ఇప్పటికీ ఎక్కువ పరిశ్రమలతో, మెరుగైన రోడ్లతో, ఎక్కువ చదువుతో ఉన్నాయి. దోపిడీ కోసం వేసిన రైలు మార్గం కూడా దోపిడీ పోయాక జనానికి పనికొచ్చింది. దీన్ని పట్టుకుని ఆ దోపిడీని మెచ్చుకోనవసరం లేదు. రోడ్డు ఎవరు వేశారన్నది వేరు, ఎవరు నడుస్తున్నారన్నది వేరు.

ఇదే జిల్లాలో తూర్పుకు పోతే ఆర్మూర్, బాల్కొండ వైపు పసుపు పంట. పసుపును ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ చేస్తే నెలల తరబడి నిలవ ఉంటుంది. ధర నచ్చకపోతే రైతు ఇంట్లో పెట్టుకోవచ్చు, నిజామాబాద్ యార్డులో కాకపోతే మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్‌కు పంపవచ్చు. ఒక్క ఫ్యాక్టరీ మీద పసుపు ఆధారపడలేదు కాబట్టి ఒక్క ఫ్యాక్టరీతో కూలిపోలేదు. అదే కారణం వల్ల పొడి కొట్టి ప్యాక్ చేసే లాభమూ చాలావరకు బయటికే పోయింది. నిలవ ఉండే సరుకు ఊరిని విడిచిపోగలదు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. బోర్డు ఆఫీసు ఉన్నంత మాత్రాన మిల్లులు రావు. ముందుకు చాచే లంకె ఇక్కడే వేయించగలిగితేనే బోర్డుకు విలువ.

ఇక శక్కర్‌నగర్ తిరిగి తెరుస్తామన్న మాట. రాష్ట్ర ప్రభుత్వం ఇందుకు కమిటీ వేసింది. మన లెక్క మనం వేద్దాం. రోజుకు 3,500 టన్నులు ఆడే మిల్లు సీజన్‌లో నూటయాభై రోజులు నడవాలంటే 5,25,000 టన్నుల చెరకు కావాలి. ఎకరానికి ముప్ఫై టన్నులు అనుకున్నా 17,500 ఎకరాలు. అవన్నీ మిల్లుకు ఒక పూట ప్రయాణంలోపే ఉండాలి. ఎకరం నాటడానికి సుమారు మూడు టన్నుల ముచ్చెలు పడతాయి. అంటే ఒక ఎకరం విత్తన తోట పది ఎకరాలకు వస్తుంది. మిల్లు తెరిచే సీజన్‌కు రెండేళ్ల ముందు 175 ఎకరాల్లో, ఏడాది ముందు 1,750 ఎకరాల్లో విత్తన చెరకు పచ్చగా నిలబడి ఉండాలి. నరికిన మోళ్ల నుంచి మళ్లీ ఎదిగే కార్శి తోటల లెక్క ఆ తర్వాతే మొదలవుతుంది. అదే నేలలో వానాకాలం, యాసంగి రెండు పంటలు వరి వేస్తే సర్కారు కొనుగోలు కేంద్రం ఉంది, సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ కూడా ప్రకటించారు. 1937లో ఈ ముడిని ఫ్యాక్టరీ సొంత తోటలు విప్పాయి. ఇప్పుడా తోటలు ఫ్యాక్టరీ చేతిలో లేవు. కాబట్టి బాయిలర్లకు టెండరు పిలిచే ముందు తేలాల్సింది ఆ మొదటి 175 ఎకరాలు ఎవరి పొలమో, ఒకవేళ మిల్లు ఆలస్యమైతే ఆ ఏడాది చెరకును ఎవరు, ఏ ధరకు కొంటారో.