చెరువు జమ్ములో చలికాలపు అతిథి

చలికాలమున తెల్లవారుజామున చెరువుగట్టుపై క్రొత్తవారు కొందరు దుర్భిణీలు పట్టుకొని, జమ్ముదుబ్బుల వంక గంటల తరబడి చూచుచుండుట ఒక్కొక్కప్పుడు కనబడును. "వీరు భూమి కొలతకు వచ్చినవారా?" యని ఊరివారు సందేహింతురు. వారు వెదకునది పిడికిట ఇముడునంతటి చిన్నపిట్ట. ఆ వెదకులాట వృథాకాలక్షేపము కాదనుటకు ఒక పిట్ట చరిత్రయే తార్కాణము. పంచాయతీ సభ్యులు దీని నెరుంగుట మేలు.

138 సంవత్సరముల అజ్ఞాతవాసము

1867వ సంవత్సరము నవంబరు మాసమున, నేటి హిమాచల ప్రదేశములోని రాంపురము చెంత, సట్లెజ్ నదీలోయలో ఏ. ఓ. హ్యూమ్ అను అధికారి ఒక గోధుమవన్నె పిట్టను సేకరించెను. 1885లో భారత జాతీయ కాంగ్రెసు స్థాపనకు పూనుకొన్న హ్యూమ్ ఈయనయే. లార్జ్ బిల్డ్ రీడ్ వార్బ్లర్ అని పేరుగల ఆ పిట్టను తెలుగున పెద్దముక్కు జమ్ముపిట్ట యనవచ్చును. దాని చర్మమును ఇంగ్లండులోని మ్యూజియములో భద్రపరచిరి. అటుపిమ్మట అట్టి పిట్ట మరియొకటి ఎవరికిని దొరకినట్లు తెలియరాలేదు. అది వేరొక జాతిలో రూపుమారిన పిట్టయే కాబోలునని కొందరు పండితులు తలచిరి. ఆ పాత చర్మమునుండి డి.ఎన్.ఏ. తీసి పరీక్షింపగా, అది ప్రత్యేకజాతియేయని 2002లో తేలినది.

2006 మార్చి 27వ తేదీన థాయిలాండు దేశములో, పట్టణపు మురుగునీటిని శుద్ధిచేయు చెరువులకడ, ఫిలిప్ రౌండ్ అను పక్షిశాస్త్రజ్ఞుని వలలో ఒక పిట్ట పడినది. ఆయన దానిని ఛాయాచిత్రము తీసి, ఈకలను స్వీడన్ దేశమునకు పరీక్షకు పంపెను. హ్యూమ్ సేకరించిన జాతి యిదియేయని ఋజువైనది. పిమ్మట ఇంగ్లండు మ్యూజియములో వేరొకజాతి పిట్టల నడుమ, 1869లో ఉత్తర ప్రదేశమున సేకరించిన రెండవ చర్మము బయల్పడెను. 2008, 2009 సంవత్సరములలో ఆఫ్ఘనిస్థానమునందలి వఖాన్ లోయలో ఈ జాతి పిట్టలు పెక్కు కనుగొనబడినవి. అవి అచటి నదీతీరపు పొదలలో నివసించును. ఆ పొదలనే అచటి ప్రజలు వంటచెరకునకు నరుకుకొందురు, పశువులను మేపుకొందురు. పిట్టకును పల్లెకును ఆధారము ఒక్కటియే యగుట గమనింపదగినది.

వెదకు విధము

ఈ కుటుంబపు పిట్టలన్నియు ఇంచుమించు ఒకే వన్నె కలవి. కావున కన్నుకంటె చెవి ముఖ్యము. సూర్యోదయవేళ చప్పుడు చేయక ఒకచోట నిలిచి, పొదలోనుండి వచ్చు "చెక్, చెక్" అను పలుకును ఆలకింపవలెను. పిమ్మట ముక్కు పొడవు, రెక్క పొడవు, కనుబొమవంటి తెల్లచార గమనింతురు. పొదను కొట్టి పిట్టను లేపుట తగదు.

మన జిల్లాలలో చలికాలమున కనబడు కంపజిట్ట ఈ కుటుంబములోనిదే. దాని బరువు పది పండ్రెండు గ్రాములు. తూర్పు ఐరోపానుండి మధ్య ఆసియావరకు గల ప్రాంతములలో గ్రుడ్లు పెట్టి పిల్లలను చేసికొని, వేలకొలది కిలోమీటర్లు ఎగిరి సెప్టెంబరునాటికి మన దేశమునకు వచ్చును, ఏప్రిలులో మరలిపోవును. ఆకులను వెదకి పురుగులను తినుట దాని పని.

పంచాయతీ చేయదగినది

పెద్దముక్కు జమ్ముపిట్ట ప్రతి చెరువునకును వచ్చునని చెప్పుట లేదు. అయినను మురుగునీటి చెరువుకడ అట్టి పిట్ట దొరకునని మాత్రము ఎవరూహించిరి? ఏ పొదలో ఏమి యున్నదో చూడక ముందే దానిని తగులబెట్టినచో, పోగొట్టుకొన్నదేమో కూడ మనకు తెలియదు.

జమ్ము కోయరాదనుట యిచట ఉద్దేశము కాదు. తూము, అలుగు, కాలువల చెంత పెరిగిన జమ్మును తీసివేయక తప్పదు. లేనిచో నీరు పారదు. చాపలకు తుంగయు, కప్పునకు రెల్లును కావలెను. అయితే చెరువు లోతులేని ప్రక్క జమ్మును కొంతమేర విడిచిపెట్టవచ్చును. ఏటేట ఒక్కొక్క భాగమునే కోయించి, తక్కిన భాగములను నిలుపవచ్చును. మే మాసము కోతకు అనుకూలము: చలికాలపు అతిథులు అప్పటికి వెడలిపోవును, వానలలో గూళ్లు కట్టు స్థానికపక్షులకు ఇంకను వ్యవధి యుండును. నిప్పుపెట్టుట మాత్రము కూడదు.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ప్రతి స్థానికసంస్థయు జీవవైవిధ్య యాజమాన్య సంఘము నేర్పరచి, ప్రజా జీవవైవిధ్య పట్టిక వ్రాయింపవలెను. ఆ పట్టికలో చెరువు పక్షులకును ఒక పుట కేటాయింపుడు. గొఱ్ఱెల కాపరులు, జాలరులు, బడిపిల్లలు చూచినదానిని తేదీతో వ్రాయింపుడు. కాలికి లోహపు కడియము గల పిట్ట చచ్చిపడి కనబడినచో, దానిపైనున్న సంఖ్యను వ్రాసికొని, కడియముపై పేర్కొన్న సంస్థకు తెలుపుడు. ఆ యొక్క సంఖ్యవలన దాని ప్రయాణమును గూర్చి కొంత తెలియవచ్చును.

చెరువుగట్టున దుర్భిణీతో నిలిచినవారిని ఇకమీదట అనుమానింపక పలుకరింపుడు. వారికి పొదల జాడ మన పల్లెవారు చూపగలరు; పిట్టల పేర్లు మన పిల్లలకు వారు నేర్పగలరు. రెండు మూడు సెంట్ల జమ్ము విడిచినంతమాత్రమున ఊరికి నష్టము లేదు. ఖండములు దాటి వచ్చిన అతిథికి అది చలికాలపు విడిది యగును.